సమస్య: గోలు కొట్టువాడె గోలు నాపె

మాస్టారు: ఈసారి ఆటవెలది చివరి పాదం ఇస్తున్నాను. ఒక్కడే కొట్టడమేంటి, ఆపడమేంటి అనుకోకండి, 1931లో స్వాన్సీలో పుట్టిన వేల్స్ ఫుట్‌బాల్ ఆటగాడు జాన్ చార్లెస్ నిజంగా రెండూ చేశాడు. ఇంగ్లండ్ క్లబ్ లీడ్స్‌లో డిఫెండరుగా పేరు తెచ్చుకున్నవాణ్ణి ముందుకు పంపితే 1953–54లో లీగులోనే 42 గోల్స్ కొట్టాడు.

కాల్బంతి:
స్వాన్సి నుండి వచ్చె జాను చార్లెసు తాను
లీడ్సు జట్టు వెనుక లీలఁ గాచె
ముందు కంపినపుడు మోగించె వలలను
గోలు కొట్టువాడె గోలు నాపె

మాస్టారు: యతులు బాగున్నాయి, స్వా–జా మైత్రి కూడా సరైనదే. "తాను" వ్యర్థపదం, అక్కడ "మేటి" వేస్తే గణం చెడదు. మూడో పాదమే ఒప్పుకోలేను, వల మోగదండీ, ఊగుతుంది! "ఊగె వలలు ముందు కొకపరి పంపిన" అని చూడండి, మొదటి "ఊ"కీ, "ముందుకు + ఒకపరి" సంధిలో ఉన్న "ఒ"కీ స్వరయతి, అంటే అచ్చుల మధ్య యతి, కుదురుతుంది.

కాల్బంతి: "మేటి" వెంటనే మార్చేశాను. వలల పాదం మీదే తీసుకుంటాను.

పద్యప్రియ:
జూవె జట్టు కోరె జోడుగుణపు వాని
అరువదైదు వేల కందె నతడు
ఇరువ దెనిమిదయ్యె నింపుగా నొక యేడు
గోలు కొట్టువాడె గోలు నాపె

1957లో ఇటలీ క్లబ్ జువెంటస్ (పద్యంలో "జూవె") ఇచ్చిన 65,000 పౌన్లు, మొదటి సీజన్‌లో లీగులో 28 గోల్స్. "పౌన్లు" పాదంలో పట్టలేదు.

కాల్బంతి: మరి ఆపడం ఎక్కడుంది? డబ్బూ గోల్సూ చెప్పి వదిలేశారు.

పద్యప్రియ: జోడుగుణం అన్నాను కదా. గోలు కొట్టాక ఆధిక్యం నిలబెట్టడానికి వెనక్కొచ్చి కాపు కాసేవాడు.

మాస్టారు: అది మీకు తెలుసు, పద్యం ఒక్కటే చదివేవాడికి తెలియదు. మూడో పాదంలో వెనక్కి రావడం చూపించండి.

వానచినుకు:
దెబ్బ తగిలి ప్రక్క దిగులుగాఁ గూర్చుండ
బ్రెజిలు తోడి యాట పీలె గెలిచె
అతడు లేని లోటు నప్పుడే కనిరెల్ల
గోలు కొట్టువాడె గోలు నాపె

మాస్టారు: ఇది చదివి కాసేపు ఆగిపోయాను. 1958 ప్రపంచకప్పులో హంగరీ మీద 2–1తో గెలిచిన మ్యాచ్‌లో చార్లెస్‌ని అంతలా తన్నారు, బ్రెజిల్‌తో క్వార్టర్‌ఫైనల్‌కి దిగలేకపోయాడు, 17 ఏళ్ల పీలే ఒక్క గోలుతో వేల్స్ ఇంటికెళ్లింది. కెరీర్ మొత్తంలో ఒక్కసారి కూడా రెఫరీ హెచ్చరించని మనిషికి అలా జరిగిందంటే ఇప్పటికీ కడుపు మండుతుంది. వేల్స్ మళ్లీ ప్రపంచకప్పు ఆడింది 2022లోనే. చివరి పాదం ఇక్కడ "ఎందుకు లోటు" అన్నదానికి జవాబుగా కూర్చుంది, ఈ వారం నా ఓటు దీనికే. ఎవరేమన్నా ఆ "దిగులుగా" మాత్రం తీయకండమ్మా.