కెనాన్ 1500డీకి తక్కువ ధరలో ఏ ఫ్లాష్ తీసుకోవాలి?

మిర్యాలగూడ నుంచి:
అన్నలందరికీ నమస్తే. నాది కెనాన్ 1500డీ, కిట్ లెన్స్. చుట్టాల ఇళ్లల్లో ఒడిబియ్యం, పుట్టువెంట్రుకలు, ఏ ఫంక్షనైనా ఫొటోలు నన్నే తీయమంటున్నారు. కెమెరాకున్న ఫ్లాష్ వేస్తే మొహాలు తెల్లగా పాలిపోయి వెనక గోడ మీద నల్లటి నీడ పడుతోంది, వేయకపోతే ఫొటో షేక్ అవుతోంది. ఐదారు వేలలో గోడాక్స్ టీటీ600 మంచిదంటున్నారు, తీసుకోనా? వచ్చే నెలే అక్క కూతురి ఫంక్షన్, అదే టెన్షన్.

నల్గొండ నుంచి:
తమ్మీ, పైసలు కట్టే ముందు కెమెరా మీద ఫ్లాష్ బిగించే హాట్ షూ చూడు. నడుమ గుండ్రంగా పెద్ద పాయింట్ ఉందా? 1500డీ, 3000డీ, 200డీ మార్క్ 2 చాలావాటిలో ఆ సెంటర్ పిన్ ఉండదు. టీటీ600, యోంగ్‌నువో వైఎన్560 లాంటి మాన్యువల్ ఫ్లాష్‌లకు సిగ్నల్ వచ్చేది దాని నుంచే, అది లేకపోతే బిగించినా వెలగవు.

మిర్యాలగూడ నుంచి:
చూశానన్నా, నడుమ ఏం లేదు. మరి టీటీ600 వద్దా?

నల్గొండ నుంచి:
కెమెరా మీద పెట్టడానికైతే వద్దు. పక్కన స్టాండ్ మీద పెట్టి ఎస్2 మోడ్‌లో ఉంచితే నీ కెమెరా ఫ్లాష్ వెలుతురు చూసి అదీ వెలుగుతుంది, ఇంట్లో ఫొటోలకు బాగానే పనిచేస్తుంది. కానీ ఫంక్షన్ హాల్లో ఇంకో ఫొటోగ్రాఫర్ ఫ్లాష్ కొట్టినా నీది వెలిగిపోతుంది, అక్కడ దాన్ని నమ్ముకోకు. నన్నడిగితే సెకండ్‌హ్యాండ్‌లో కెనాన్ సొంత ఫ్లాష్, 430ఈఎక్స్ 2 లాంటిది వెతుకు. టీటీఎల్, అంటే కెమెరానే వెలుతురు కొలిచి ఫ్లాష్ పవర్ చెప్పే పద్ధతి, ఉంటుంది కాబట్టి మనిషి దగ్గరికొచ్చినా దూరం పోయినా వెలుతురు అదే సర్దుకుంటుంది. గోడాక్స్‌లోనే కావాలంటే టీటీ685లో కెనాన్‌కు చేసిన సీ మోడల్ ఉంది, బడ్జెట్ కొంచెం పెరుగుతుంది. ఏది కొన్నా నీ కెమెరా షాపుకు తీసుకుపోయి దాని మీదే కొట్టి చూసుకో.

మహబూబ్‌నగర్ నుంచి:
అన్న చెప్పింది కరెక్ట్. ఇంకో మాట, ఏ ఫ్లాష్ కొన్నా నేరుగా మొహం మీద కొడితే మళ్లీ అదే నీడ వస్తది. ఫ్లాష్ తల పైకి తిప్పి తెల్ల స్లాబుకు కొట్టి చూడు, వెలుతురు మెత్తగా దిగుతుంది. షామియానా కింద మాత్రం అట్ల చేయకు, ఎర్రగుడ్డ ఉంటే మొహాలన్నీ ఎర్రగా వస్తాయి, తర్వాత ఎడిటింగ్‌లో సరిచేయడం చాలా కష్టం. అక్కడ, బతుకమ్మ దగ్గర ఆరుబయట ఫ్లాష్‌కు డిఫ్యూజర్ (వెలుతురును పరిచే తెల్ల మూత) పెట్టి, కెమెరాలో ఐఎస్‌ఓ (వెలుతురును పట్టే సెట్టింగ్) 800 నుంచి 1600 దాకా పెంచుకో. షటర్ స్పీడ్ 1/200 సెకను దాటనీయకు, దాటితే ఫొటోలో నల్ల పట్టీ పడొచ్చు. మామూలు సెల్స్ వేస్తే కొంతసేపటికే రీసైకిల్, అంటే ఫ్లాష్ మళ్లీ రెడీ అవడం, లేటయి తలంబ్రాలప్పుడే ఫ్లాష్ వెలగదు, అందుకే రీచార్జబుల్ ఎన్ఐఎంహెచ్ సెల్స్ రెండు సెట్లు, మంచి చార్జర్ బడ్జెట్‌లోనే లెక్క వేసుకో.

మిర్యాలగూడ నుంచి:
థాంక్స్ అన్నా. ఆదివారం కెమెరా తీసుకుని హైదరాబాద్ పోయి సెకండ్‌హ్యాండ్ 430 చూస్తా. కొనే ముందు దాంట్లో ఏమేం చెక్ చేయాలి?

నల్గొండ నుంచి:
ఫుల్ పవర్‌లో వరుసగా పదిసార్లు కొట్టు, ప్రతిసారీ రెడీ లైట్ రావాలి. సెల్స్ పెట్టే చోట తుప్పుంటే తీసుకోకు. తల అన్ని వైపులా తిరగాలి, హాట్ షూలో ఊగొద్దు.