కెనడాలో పుట్టి అమెరికాకి ఆడిన సిడ్నీ లెరూ, మా అన్నయ్య కూతురి డౌటు

హబ్సిగూడ_అత్త: మా అన్నయ్య వాళ్ళమ్మాయి డల్లాస్‌లో క్లబ్‌కి ఫుట్‌బాల్ ఆడుతుంది, పుట్టింది కూడా అక్కడే. అమెరికా టీమ్‌కి ఆడిన సిడ్నీ లెరూ అంటే ప్రాణం. లెరూ వాళ్ళమ్మ కెనడా, నాన్న అమెరికన్, 15 ఏళ్ళకే అమ్మని వదిలి అరిజోనా వెళ్ళి ఆడుకుంది. "అత్తా, నేను ఇండియాకి ఆడొచ్చా" అంటోంది. రూల్ ఏంటి, అక్కడి స్కాలర్‌షిప్‌కి ఇబ్బందా, సెలవుల్లో వస్తే ఇక్కడ ప్రాక్టీస్ ఎక్కడ?

ముషీరాబాద్_స్ట్రైకర్: లెరూ పేరెత్తకండి మేడం. కెనడా జూనియర్ టీమ్‌కి ఆడి, అక్కడ నేర్చుకుని అమెరికాకి పోయింది. 2013లో టొరంటోలో కెనడా, అమెరికా మ్యాచ్‌లో జనం ఆమె మీద ఊరికే అరిచారా?

సైనిక్‌పురి_గోలీ: అరిచారు, ఆమె లాస్ట్‌లో గోల్ కొట్టి జెర్సీ మీద బ్యాడ్జి పట్టుకు చూపించి, మూతి మీద వేలు పెట్టింది. అమెరికా 3-0తో గెలిచింది. అంతసేపు తిట్లు తిన్న పిల్ల ఆ మాత్రం చేయకూడదా?

ముషీరాబాద్_స్ట్రైకర్: అది పొగరు.

బోడుప్పల్_బాబాయ్: కోపం లెరూ మీద కాదయ్యా, 2012 ఒలింపిక్స్‌లో అమెరికాతో ఆడిన సెమీస్ మీద. కెనడా తరఫున సింక్లెయిర్ మూడు గోల్స్ కొట్టినా ఓడిపోయారు. కెనడా గోల్‌కీపర్ బాల్ ఆరు సెకన్ల కన్నా ఎక్కువ పట్టుకుందని అప్పటి రూల్ ప్రకారం అమెరికాకి ఫ్రీకిక్, దాన్నుంచి హ్యాండ్‌బాల్, పెనాల్టీ, 123వ నిమిషంలో అమెరికా మోర్గాన్ గోల్. ఆ రూల్ కింద ఎవరైనా ఫ్రీకిక్ ఇచ్చేవాళ్ళా అసలు?

సైనిక్‌పురి_గోలీ: నేను పదేళ్ళు కీపింగ్ చేశా, నాకు ఒక్కసారి కూడా ఇవ్వలేదు. కానీ అప్పటి రూల్ రూలే, రెఫరీని తిట్టడం దండగ.

బోడుప్పల్_బాబాయ్: నీకు ఇవ్వలేదంటే నీ చేతిలో బాల్ ఎప్పుడూ లేదేమో.

సైనిక్‌పురి_గోలీ: మాటలు మర్యాదగా రానీ బాబాయ్.

పాస్‌పోర్ట్_పంతులు: ఈ లొల్లి ఆపుతరా? అసలు జవాబు నేను చెప్త, ఈ కాగితాల పనే నాది. ఓసీఐ కార్డుతో (విదేశీ పౌరులైన మనోళ్ళకి ఇచ్చే కార్డు) ఇండియాకి ఆడనియ్యరు, ఇండియన్ పాస్‌పోర్ట్ ఉండాలె, మనకు రెండు పౌరసత్వాల్లేవ్. ఓసీఐ తీసుకొని ఐదేండ్లయి, అప్లై చేసే ముందు ఏడాది ఇక్కడ ఉండాలె, మల్ల అమెరికా పాస్‌పోర్ట్ వదులుకోవాలె. ఇజుమి అరాటా అనే ఆటగాడు జపాన్ పౌరసత్వం ఇడిచిపెట్టి 2013ల ఇండియాకి ఆడిండు.

నిజామాబాద్_పిలగాడు: గా అమ్మాయి గంత కష్టపడుడు ఎందుకు? మన నిజామాబాద్ ఫుట్‌బాల్ పిల్ల సౌమ్య గుగులోత్ తండా నుంచి క్రొయేషియా క్లబ్ డినామో జాగ్రెబ్ దాక పోయింది. డల్లాస్ పిల్లలకన్నా ముందు మన పిల్లలకి గ్రౌండ్ చూపియ్యిండ్రి.

లాంకోహిల్స్_రీడర్: ఫిలిప్పీన్స్ అమ్మాయిల టీమ్‌ని చూడండి. డ్యూయల్ పౌరసత్వం ఉంది కాబట్టి 2023 వరల్డ్‌కప్‌కి 23 మందిలో 18 మంది అమెరికాలో పుట్టినోళ్ళే, సరీనా బోల్డెన్ గోల్‌తో న్యూజిలాండ్‌ని వాళ్ళ దేశంలోనే కొట్టారు. ఆ వరల్డ్‌కప్ టికెట్ ఎక్కడ సంపాదించారు? 2022 ఏషియన్ కప్‌లో, మన దగ్గరే, మహారాష్ట్రలో! మనం కోవిడ్‌తో టీమ్ దించలేక ఇంటికి పోయాం.

నిజామాబాద్_పిలగాడు: అద్దెకు తెచ్చుకున్నట్టు టీమ్ తయారుజేసి గెలుస్తే ఏం సంబరమన్నా? 2025ల థాయ్‌లాండ్‌ని 2-1 కొట్టి ఏషియన్ కప్‌కి క్వాలిఫై అయినోళ్ళు మనోళ్ళు గాదా?

ముషీరాబాద్_స్ట్రైకర్: కరెక్ట్ చెప్పినవ్ తమ్మీ.

అమ్ముగూడ_ముసలాయన: ఇండియా ఫుట్‌బాల్ టీమ్‌కి ఆడిన తులసీదాస్ బలరాం మా అమ్ముగూడ మనిషి. రహీం సాబ్ కోచింగ్‌లో 1956 ఒలింపిక్స్‌లో నాలుగో స్థానం, 1962లో జకార్తా ఏషియన్ గేమ్స్‌లో గోల్డ్. అప్పుడు టీమ్‌లో మన హైదరాబాదోళ్ళు ఎంతమందో అడగండి. ఇప్పుడు పాస్‌పోర్ట్ ఆఫీసు చుట్టూ తిరిగే ముచ్చటే.

సఫిల్‌గూడ_అమ్మ: అమ్మాయిల ప్రాక్టీస్ గురించి ఎవరూ మాట్లాడరే? మా పాపని ఓ అకాడమీలో చేర్పిస్తే సాయంత్రం ఆరింటికల్లా అబ్బాయిల బాక్స్ క్రికెట్‌కి టర్ఫ్ ఇచ్చేస్తున్నారు, పిల్లలు గోల్‌పోస్ట్ పక్కన బ్యాగులేసుకుని నిలబడతారు. ఫీజు మాత్రం నెల మొదట్లోనే.

హబ్సిగూడ_అత్త: అయ్యో. స్కాలర్‌షిప్ సంగతి ఎవరైనా?

బోడుప్పల్_బాబాయ్: ముందు నాకు ఆ ఆరు సెకన్ల సంగతి తేల్చండి.

సఫిల్‌గూడ_అమ్మ: బాబాయ్ గారూ, దయచేసి. అమ్మాయిల సైజులో స్టడ్స్ ఎక్కడ దొరుకుతాయో ఎవరికన్నా తెలిస్తే చెప్పండి, పిల్లల సైజు 4 కొని రెండు జతల సాక్సులేసి పంపిస్తున్నా.