జీడీసీ బ్యారియర్ పొర: స్పట్టరింగ్ తప్పదా, స్క్రీన్ ప్రింటింగ్ సరిపోదా?

కొలిమి: సాలిడ్ ఆక్సైడ్ ఫ్యూయల్ సెల్స్ (ఇంధనం నుంచి నేరుగా కరెంటు తీసే, బాగా వేడిలో నడిచే సిరామిక్ సెల్స్) మీద పనిచేసేవాళ్లు కాస్త చెప్పండి. వైఎస్‌జెడ్ (యిట్రియా కలిపిన జిర్కోనియా) ఎలక్ట్రోలైట్ మీద ఎల్‌ఎస్‌సీఎఫ్ (లాంథనమ్, స్ట్రోన్షియం, కోబాల్ట్, ఇనుము ఉన్న ఆక్సైడ్) కాథోడ్ నేరుగా వేస్తే కాథోడ్‌లోంచి స్ట్రోన్షియం వచ్చి జిర్కోనియంతో కలిసి స్ట్రోన్షియం జిర్కొనేట్ అయిపోతుంది, అది ఆక్సిజన్ అయాన్లకి అడ్డం, అందుకే మధ్యలో గడోలినియం కలిపిన సీరియా, అదే జీడీసీ, వేస్తాం. ఇంతవరకు పేచీ లేదు. కానీ ఈమధ్య ఎవర్ని కదిపినా పీఎల్‌డీ, స్పట్టరింగ్ అనే అంటున్నారు, అంటే లేజర్‌తోనో ప్లాస్మాతోనో పదార్థాన్ని ఊడగొట్టి వాక్యూమ్‌లో పొర వేయడం. అర మైక్రాన్ పొర కోసం వాక్యూమ్ చాంబర్ దేనికండి? స్క్రీన్ ప్రింట్ చేసి 1250 డిగ్రీల్లో కాలిస్తే నాలుగైదు మైక్రాన్లు వస్తుంది, సెల్ సైజు పెరిగినా అదే మెషిన్‌తో పని అయిపోతుంది.

టార్గెట్_ప్లాస్మా: వస్తుందండి, చిల్లులతో వస్తుంది. జీడీసీ బాగా గట్టిపడాలంటే 1400 దాకా వెళ్లాలి, కానీ 1300 దాటాక జీడీసీ, వైఎస్‌జెడ్ ఒకదాంట్లోకి ఒకటి దిగిపోయి మధ్యలో కండక్టివిటీ బాగా తక్కువున్న ఇంకో పొర తయారవుతుంది. అంటే వేడి తగ్గిస్తే చిల్లులు, పెంచితే ఈ మిశ్రమం. స్పట్టరింగ్‌లో 800 డిగ్రీల లోపే దట్టమైన పొర వచ్చేస్తుంది కాబట్టి ఈ రెండిట్లో ఏదీ ఉండదు. నాలుగైదు మైక్రాన్ల చిల్లుల పొర కంటే అర మైక్రాన్ దట్టమైన పొర మేలు, ఈ మాట మీద నేను గట్టిగా ఉంటాను.

స్కాలర్_2: నాదొక డౌట్ సార్. సెల్ నడిచేది 700, 800 డిగ్రీల్లోనే కదా, అంత తక్కువ వేడిలో స్ట్రోన్షియం అంత దూరం ఎలా వస్తుంది?

టార్గెట్_ప్లాస్మా: అసలు సంగతి అక్కడే ఉందమ్మా. ఎక్కువ నష్టం సెల్ నడిచేటప్పుడు కాదు, కాథోడ్ కాల్చేటప్పుడే జరిగిపోతుంది. 1080 డిగ్రీల దగ్గర రెండు మూడు గంటలు ఉంచుతాం కదా, అప్పుడు స్ట్రోన్షియం చిల్లుల గోడల వెంబడి, ఆవిరిగా కూడా, కిందికి దిగి వైఎస్‌జెడ్‌ని పట్టుకుంటుంది. స్టాక్‌లో (సెల్స్ దొంతరలో) పెట్టకముందే జిర్కొనేట్ తయారై కూర్చుంటుంది. అందుకే మందం కన్నా చిల్లులు మూసుకున్నాయా లేదా అన్నదే ముఖ్యం.

కొలిమి: మరి మీ పొర ఆ 1080 తట్టుకుంటుందా? స్పట్టర్ చేసిన పొరలో గ్రెయిన్లు నిలువు స్తంభాల్లా పెరుగుతాయి, వాటి మధ్య సందులు పైనుంచి కిందిదాకా తిన్నగా ఉంటాయి, స్ట్రోన్షియం దిగడానికి అంతకంటే సులువైన దారి ఏముంటుంది? పైగా వైఎస్‌జెడ్ వ్యాకోచం 10.5, జీడీసీది 12.5 దాకా, ఎల్‌ఎస్‌సీఎఫ్‌ది 15 పైనే, డిగ్రీకి మిలియన్‌లో లెక్క. మళ్లీ వేడి చేశాక పొరలో సన్న చిల్లులు తెరుచుకోవడం నేను ఎస్‌ఈఎంలో (ఎలక్ట్రాన్ మైక్రోస్కోపులో) చూశాను. నా పొరలో కొంచెం కోబాల్ట్ ఆక్సైడ్ కలిపితే తక్కువ వేడిలోనే బాగా గట్టిపడుతుంది, ఆ దారి వదిలేసి చాంబర్ కొనమంటే ఒప్పుకోను.

స్కాలర్_2: కాథోడ్‌ని అంత వేడిలో కాల్చకుండా, ముందే కాల్చిన జీడీసీ అస్థిపంజరంలోకి కాథోడ్ లోహాల నైట్రేట్ ద్రావణం ఇంకించి 800 దగ్గరే కాల్చేస్తే ఈ గొడవే తగ్గదా?

టార్గెట్_ప్లాస్మా: తగ్గుతుంది, కానీ ఇంకించిన సన్న రేణువులు నడిచేకొద్దీ ముద్దకట్టి పెద్దవవుతాయి, అది ఇంకో తలనొప్పి. కొలిమి గారూ, నిలువు సందుల మాట నిజమే, అందుకే సబ్‌స్ట్రేట్‌ని వేడిగా ఉంచి, దానికి బయాస్ వోల్టేజ్ పెట్టి వేస్తాం, అప్పుడు సందులు బాగా బిగుస్తాయి. ఇంకోటి, జిర్కొనేట్ లేదని ఎస్‌ఈఎంలో ఈడీఎక్స్ (ఎక్స్‌రే గీతలతో మూలకాల్ని గుర్తుపట్టే పద్ధతి) చూసి తేల్చకండి. తక్కువ శక్తి దగ్గర స్ట్రోన్షియం గీత సిలికాన్ గీత మీద పడుతుంది, 14 కేఈవీ దగ్గరున్న ఇంకో గీత కోసం వోల్టేజ్ పెంచితే బీమ్ మైక్రాన్ పైనే పాకుతుంది, అర మైక్రాన్ పొర ఎక్కడ కనిపిస్తుంది? టీఈఎం (పల్చటి ముక్క గుండా ఎలక్ట్రాన్లు పంపి చూసే మైక్రోస్కోపు) చేయాల్సిందే.

కొలిమి: టీఈఎంలో కనిపించేది సెల్‌లో ఒక చిన్న ముక్క, నాకు సెల్ మొత్తం సంగతి కావాలి. ఒకే బ్యాచ్ సెల్స్ తీసుకుని, ఒకే కాథోడ్, ఒకే కాల్పు, బ్యారియర్ ఒక్కటే మార్చి ఇంపీడెన్స్ (రకరకాల ఫ్రీక్వెన్సీల్లో ఏసీ నిరోధం) కొలిచి పెట్టండి. హై ఫ్రీక్వెన్సీ వైపు రియల్ యాక్సిస్ ఎక్కడ తగులుతుందో (అదే సెల్ ఓమిక్ నిరోధం) మొదటి రోజు ఒకటి, వెయ్యి గంటల తర్వాత ఒకటి చూపించండి. మీది తక్కువతో మొదలై, అక్కడే నిలబడితే ఒప్పుకుంటాను.

టార్గెట్_ప్లాస్మా: సరే, కానీ మీ కోబాల్ట్ కలిపిన పొర కూడా అదే బ్యాచ్‌లో పెట్టాలి, ఉత్తి ప్రింట్ పొరతో పోలిస్తే నాకు ఒప్పుదల లేదు.