అప్‌డేట్: బడ్జీల పాత పంజరానికి రంగు సంగతి

ఒంగోలులో సెకండ్ హ్యాండ్‌లో కొన్న ఇనప పంజరానికి మళ్లీ రంగు వేయిస్తే బడ్జీలకు (పెంచుకునే చిన్న చిలకలకు) ప్రమాదమా అని మొన్న అడిగాను. జవాబిచ్చిన అందరికీ థ్యాంక్స్. పని అయిపోయింది.

నా టెన్షనంతా పాత రంగు గురించే. ఇళ్లకు వాడే రంగుల్లో సీసం 90 పీపీఎం (పది లక్షల భాగాల్లో 90) దాటకూడదన్న నిబంధన మన దేశంలో 2017 నవంబరులో అమల్లోకి వచ్చింది. ఈ పంజరం అంతకు ముందుది. బడ్జీలేమో రోజంతా ఊచలు కొరుకుతూనే ఉంటాయి. అందుకే పొడిగా గీకలేదు. మాస్క్, గ్లవ్స్ వేసుకుని, పిల్లల్ని దూరంగా ఉంచి, తడి ఎమెరీ పేపర్‌తో ఆరుబయట రుద్దాను. ఊడిన పెచ్చులు నేలమీద పడకుండా కవర్లోకి ఎత్తాను.

తర్వాత స్ప్రే పెయింట్ వద్దనుకుని, రంగు పొడి పట్టించే పౌడర్ కోటింగ్‌కి ఇచ్చాను. దాన్ని ఓవెన్‌లో సుమారు 200 డిగ్రీల దగ్గర కాలుస్తారు, థిన్నర్ అవసరం ఉండదు. జింక్ ప్రైమర్ మాత్రం వాడొద్దని గట్టిగా చెప్పాను. జింక్ కూడా పక్షులకు విషమే. అందుకే అడుగున ఉన్న జీఐ (జింక్ పూత వేసిన ఇనుము) ట్రే తీసేసి స్టీలు ట్రే పెట్టించాను. ఖర్చు ఎక్కువైనా ఇదే సరైన పని అనిపించింది.

వాసన ఏమాత్రం లేదని తేలాకే పక్షుల్ని మార్చాను. రెండూ చక్కగా తింటున్నాయి. ఎక్కడైనా కోటింగ్ లేచిందేమో రోజూ చూస్తున్నాను.