ఇల్లు ఇప్పుడు, పెరట్లో ఈతకొలను మూడేళ్ల తర్వాత: ముందుగా ఏమేం చూసుకోవాలి?

ప్రశ్న: పడమటివీధి (గుంటూరు)

నమస్కారమండీ. గుంటూరు ఊరి చివర, పడమర రోడ్డు ఉన్న 600 గజాల స్థలంలో ఇల్లు మొదలుపెట్టబోతున్నాము. స్థలం వెడల్పు 60 అడుగులు, లోతు 90 అడుగులు. ఇంటి వెనుక, అంటే తూర్పున, 35 అడుగుల పెరడు మిగిలేలా ప్లాను గీయించాము. అందులో 24 అడుగుల పొడవు, 12 అడుగుల వెడల్పుతో చిన్న ఈతకొలను కట్టుకోవాలని మా పిల్లల కోరిక, మా కోరిక కూడా. ఇంటి ఖర్చుతో పాటు దానిని ఇప్పుడే భరించే శక్తి లేదు కనుక మూడు నాలుగేళ్ల తర్వాత చేపట్టాలనుకుంటున్నాము. మా మేస్త్రిగారు మాత్రం ఇప్పుడే గొయ్యి తవ్వి కాంక్రీటు తొట్టి పోసి ఉంచితే, టైల్సు, మోటార్లు తర్వాత పెట్టుకోవచ్చని చెబుతున్నారు. కొలను ఈశాన్యంలోనే ఉండాలని మా నాన్నగారి పట్టుదల. నేల నల్లరేగడి. ఇప్పుడు చేయకపోతే తర్వాత చేయలేని పనులు ఏవో, ఇప్పుడు చేస్తే నష్టం తెచ్చే పనులు ఏవో అనుభవమున్నవారు దయచేసి చెప్పగలరు.

సమాధానం: పునాదిరాయి (స్ట్రక్చరల్ ఇంజనీరు)

మేస్త్రిగారి మీద గౌరవంతోనే చెబుతున్నాను, ఆ సలహాను పాటించకండి. నీళ్లు లేని కాంక్రీటు తొట్టి నేలలో ఇరుక్కున్న పడవ వంటిది. వానాకాలంలో భూగర్భజలం పైకి వచ్చినప్పుడు అది తొట్టిని కింది నుంచి పైకి నెడుతుంది. మీరు చెప్పిన కొలతలకు నాలుగు అడుగుల లోతు అనుకుంటే 1,152 ఘనపుటడుగుల నీరు, అంటే సుమారు 32,600 లీటర్లు, 32 టన్నులకు పైగా బరువు. ఆ బరువు లోపల ఉన్నంతకాలం కింది ఒత్తిడిని అది అదిమిపెడుతుంది. లేకపోతే అడుగు పగలవచ్చు, తొట్టి మొత్తంగా పైకి లేవనూ వచ్చు. కొలను ఎప్పుడు కట్టినా అడుగున హైడ్రోస్టాటిక్ వాల్వు (కింది నీటి ఒత్తిడి పెరిగితే ఆ నీటిని కొలనులోకి వదిలేది) పెట్టించడం ఇందుకే. పోనీ నీళ్లు నింపి ఉంచుదామంటే, వడపోత లేని నీరు కొద్ది రోజుల్లోనే దోమలకు నిలయమవుతుంది. గొయ్యి మాత్రమే తవ్వి వదిలేయడం అంతకన్నా చెడ్డది, ఎందుకంటే అందులో నిలిచిన వాననీరు నేరుగా మీ ఇంటి పునాది వైపు ఇంకుతుంది.

నల్లరేగడి తడిస్తే ఉబ్బుతుంది, ఎండితే కుంచించుకుపోయి నెర్రెలు విచ్చుతుంది. లోతైన నల్లరేగడిలో ఈ కదలిక సుమారు 3.5 మీటర్ల లోతు వరకు ఉంటుందన్న లెక్కతోనే రూర్కీలోని కేంద్ర భవన పరిశోధనా సంస్థ అండర్ రీమ్డ్ పైల్స్ (అడుగు భాగం ఉబ్బెత్తుగా ఉండి నేలలోకి లోతుగా దిగే కాంక్రీటు స్తంభాలు) పద్ధతిని రూపొందించింది. మీ ఇంటికి అవి వేస్తున్నారా, మామూలు ఫుటింగులు (స్తంభాల కింద వేసే వెడల్పాటి కాంక్రీటు దిమ్మెలు) వేస్తున్నారా అన్నది ముందు తేల్చుకోండి. నాలుగు అడుగుల నీటికి స్లాబు మందం, దాని కింద నల్లమట్టి తీసి దిమ్మిస చేసే గ్రావెల్ కలిపితే తవ్వకం ఏడు అడుగులకు చేరుతుంది. ఫుటింగు అడుగు అంచు నుంచి 45 డిగ్రీల వాలులో కిందికి ఒక గీత గీసి చూస్తే, కొలను గొయ్యి ఆ గీతను కోయకూడదు. మీ పెరట్లో కొలనును తూర్పు ప్రహరీకి ఆరు అడుగుల ఇవతల పెడితే ఇంటికి 17 అడుగుల దూరం మిగులుతుంది కనుక ఇంటికి భయం లేదు. ప్రహరీ సంగతే అందరూ మరిచిపోతారు. ఆరు అడుగుల దూరంలో ఏడు అడుగులు తవ్వితే, పైపైన కట్టిన గోడ గోతిలోకి ఒరిగిపోతుంది. అందుచేత ఈశాన్య మూలలో ప్రహరీని ఇప్పుడే పైల్స్, బీముల మీద కట్టించండి. సాయిల్ టెస్టు చేసేటప్పుడు కొలను వచ్చే చోట కూడా మట్టి నమూనా కోసం ఒక రంధ్రం వేయించి, ఆ నివేదికను దాచుకోండి. రేపు తొట్టిని డిజైన్ చేసే ఇంజనీరు, నీరు నిలిపే కట్టడాలకు వర్తించే భారతీయ ప్రమాణం ఐఎస్ 3370 ప్రకారం, కనీసం ఎం30 గ్రేడు కాంక్రీటుతో చేయాల్సి ఉంటుంది. ఆయనకు మొదట కావలసింది ఆ నివేదికే.

సమాధానం: వెనకగుమ్మం

మేము ఇల్లు కట్టిన ఆరేళ్లకు కొలను కట్టించాము. చేసిన పొరపాటు ఒక్కటే, దాని ఖరీదు మాత్రం చాలా ఎక్కువ. ఇంటికి రెండు పక్కలా అయిదేసి అడుగులే వదిలాము. పొక్లెయిను కాదు గదా, ఏడున్నర అడుగుల వెడల్పుండే మామూలు జేసీబీ కూడా వెనక్కి వెళ్లలేకపోయింది. కూలీలు పారలతో తవ్వి, మట్టినంతా తట్టలతో వీధిలోకి మోశారు. మీ కొలనుకైతే ముప్పై ట్రాక్టర్లకు తక్కువ కాని మట్టి లేస్తుంది. ఉత్తరం వైపు 12 అడుగులు వదలండి. ఉత్తరం ఎక్కువ ఖాళీ ఉండటం మీ నాన్నగారికీ సమ్మతంగానే ఉంటుంది. ఆ దారిలో సెప్టిక్ ట్యాంకు గానీ, సంపు గానీ, ఇంకుడు గుంత గానీ రానీయకండి. వాటి మూతల మీదుగా యంత్రం నడవకూడదు.

రెండో పని ఖాళీ గొట్టాలు. ఫ్లోరింగు వేయకముందే కరెంటు బోర్డు నుంచి పెరటి దాకా ఒక గొట్టం, లోపల లాగుడు తీగతో సహా వేసి రెండు చివరలా మూసేయండి. కొలను మోటారుకు, దీపాలకు విడిగా, కరెంటు లీకైతే వెంటనే సరఫరా ఆపేసే 30 మిల్లీయాంపియర్ల ఆర్‌సీసీబీ పెట్టేందుకు బోర్డులో చోటు ఉంచండి. నీటిలోని దీపాలు 12 వోల్టులవే ఉండాలి. ఇసుక ఫిల్టరును ఎదురు నీటితో కడిగినప్పుడు వచ్చే మురుగు నీరు వీధి కాలువకు చేరడానికి మరొక గొట్టం కావాలి. ఆ నీటిలో క్లోరిన్ ఉంటుంది కనుక సెప్టిక్ ట్యాంకులోకి పంపకూడదు. మట్టి కప్పకముందే టేపు పట్టి, కొలతలు కనిపించేలా ఫోటోలు తీసి ఉంచుకోండి. మేము తీయనందువల్ల, వేసిన గొట్టమే దొరకక కొత్త టైల్సు పగలగొట్టించాల్సి వచ్చింది.

నీటి మాట కూడా ఇప్పుడే ఆలోచించండి. మీ కొలను ఒకసారి నిండడానికి 5,000 లీటర్ల ట్యాంకర్లు ఏడు కావాలి. ఎండాకాలంలో రోజుకు ఏడు మిల్లీమీటర్లు ఆవిరైనా దాదాపు 190 లీటర్లు పోతుంది, నీటి మీద కవరు కప్పితే చాలావరకు ఆగుతుంది. బోరు నీటి కాఠిన్యం పరీక్ష చేయించండి, లేకపోతే టైల్సు మీద తెల్లటి పెచ్చు కడుతుంది.

సమాధానం: ఇద్దరుబిడ్డలతల్లి

పైవారు చెప్పనిది ఒకటి చెబుతాను. ఇంట్లో పిల్లలున్నారు కనుక కొలను ఎక్కడ ఉండాలన్నది వంటగది కిటికీ నుంచి మొదలుపెట్టి ఆలోచించండి. మీ వంటగది ఆగ్నేయంలో వస్తే దాని తూర్పు కిటికీ పెరట్లోకే తెరుచుకుంటుంది. ఆ కిటికీని వెడల్పుగా, తక్కువ ఎత్తు నుంచి పెట్టించుకుంటే పొయ్యి దగ్గర నిలబడే నీళ్లలోని పిల్లలు కనిపిస్తారు. అయినా చూపు ఒక్కటే చాలదు. నాలుగు వైపులా నాలుగు అడుగుల కంచె, దానంతట అదే మూసుకునే గేటు ఉండి తీరాలి. ఇంటి గోడనే కంచెలో ఒక వైపుగా లెక్కించకండి, పెరటి తలుపు తెరిచిన పిల్లవాడికి నేరుగా నీళ్లే ఎదురవుతాయి. నీటిని లాగే రంధ్రం అడుగున ఒక్కటే ఉంటే జుట్టు గానీ చెయ్యి గానీ పట్టేసే ప్రమాదం ఉంది, కనుక దూరదూరంగా రెండు పెట్టించాలి.

పెరడు తూర్పున ఉండటం మీకు మేలే. మే నెలలో సాయంత్రానికి ఇంటి నీడ కొలను మీద పడుతుంది. ఈ మూడేళ్లూ ఆ చోట ఆకుకూరలు వేసుకోండి. వేప, బాదం మాత్రం నాటకండి, పెరిగిన చెట్టును నరకడానికి ఎవరికీ మనసు రాదు.

ప్రశ్నించినవారు: పడమటివీధి

అందరికీ కృతజ్ఞతలు. తొట్టి ఆలోచన మానుకున్నాము. ఉత్తరాన 12 అడుగులు వదలడానికి నాన్నగారు సంతోషంగా ఒప్పుకున్నారు. అయితే ప్లానులో సెప్టిక్ ట్యాంకు వాయవ్యంలో, అంటే సరిగ్గా ఆ దారి మొదట్లోనే ఉంది. సంపు ఈశాన్యంలో, కొలను చోటులోనే గీశారు. ఏం చేయమంటారు?

సమాధానం: పునాదిరాయి

ఇది ఇప్పుడే బయటపడటం మంచిదయింది. సెప్టిక్ ట్యాంకును పడమర మధ్యభాగానికి జరపండి. వాస్తు చూసేవారు కూడా సాధారణంగా అక్కడ అభ్యంతరం చెప్పరు. సంపును కొలనుకు దక్షిణంగా, తూర్పు మధ్య వైపు పెట్టి, రెండింటి మధ్య కనీసం ఆరు అడుగుల తవ్వని మట్టిని వదలండి. ఈ రెండు మార్పులూ, కొలను హద్దులూ చుక్కల గీతలతో ప్లానులో గీయించిన తర్వాతే పునాదికి ముగ్గు పోయించండి.