గుంటూరులో కొత్త ఇంటికి మండువా పెడితే చల్లదనమా, స్థలం దండగా?

గోరంట్ల వాసి:
మాది 200 గజాలు, 30×60, తూర్పు ముఖం. రెండంతస్తులు కడుతున్నాం. నడుమ ఆకాశం కనబడేలా, పైకప్పు లేకుండా 10×10 అడుగుల మండువా వదలాలని నా పట్టుదల, ఏసీల వాడకం తగ్గుతుందని ఆశ. రెండంతస్తుల్లో కలిపి 22 గజాలు పోగొట్టుకుంటావా అని మా బావగారి కోపం. అలాంటి ఇంట్లో ఉన్నవాళ్లు చెప్పండి.

పటమట ఇంజినీరు:
వద్దండి. రాత్రికి వేడి బాగా పడిపోయే పొడి ప్రాంతాలకి మండువా సరే. మనది ఉక్కపోత. మే నెల వడగాడ్పుని ఇంటి నడుమకి ఎందుకు పిలుచుకోవడం? ఆ డబ్బుతో స్లాబు మీద ఎండని తిప్పికొట్టే తెల్లటి కూల్ రూఫ్ టైల్స్ వేయించండి, పడమటి గోడకి ఏఏసీ బ్లాకులు (గాలి బుడగలుండే తేలికపాటి సిమెంటు ఇటుకలు) వాడండి. పై గదులు కాగేది ఎక్కువగా స్లాబు వల్లే.

తెనాలి పక్క పల్లె, ఇప్పుడు బెజవాడ:
ఉక్కపోత మాట నిజమే గానీ, మండువా పని రాత్రిపూటదండి. నేను మా తాతగారి పెంకుటింట్లో పెరిగాను. ఎండాకాలం పొద్దున తొమ్మిదికల్లా మా నాయనమ్మ మండువా వైపు తలుపులన్నీ మూసేసేది. సాయంత్రం దాకా గదుల్లో మసక చీకటే. దీపాలు పెట్టే వేళకి బండల మీద బిందెడు నీళ్లు కుమ్మరించేది. అంచుల నుంచి లోపలికి చూస్తుండగానే ఆరిపోయేవి. రెండో బిందెకి గానీ తడి నిలిచేది కాదు. అప్పుడు తలుపులు బార్లా తెరిచేది. గదుల్లోని వేడిగాలి పైకి పోతుంటే వీధి వసారా వైపు నుంచి గాలి లాగేది. గోడలూ బండలూ రాత్రంతా ఆకాశంలోకి వేడి వదిలేవి. తెల్లారుజామున ఆ బండల మీద కూర్చుంటే ఎంత హాయో!

ఇక కొలతలు. మన అక్షాంశం 16 డిగ్రీల పైచిలుకు. మే మొదటి వారంలో సూర్యుడు సరిగ్గా నడినెత్తిన ఉంటాడు. మండువా తూర్పు-పడమరలు 10 అడుగులు, గోడలు కూడా 10 అడుగులే అయితే, తొమ్మిది నుంచి మూడు దాకా అడుగున ఎంతో కొంత ఎండ ఉంటుంది. మీవి 20 అడుగుల గోడలు కాబట్టి పదింబావుకి వచ్చి రెండులోపే పోతుంది. 8 అడుగులకి తగ్గిస్తే ఇంకా మేలు. పైన పాలికార్బొనేట్ షీటు (వెలుతురు వచ్చే ప్లాస్టిక్ రేకు) మాత్రం వెయ్యకండి, దణ్ణం పెడతాను.

అమరావతి రోడ్డు:
షీటు సంగతి నన్నడగండి. వాన భయంతో మేం బిగించాం. రెండు వేసవులు పై గదుల్లో పడుకోలేకపోయాం. చివరికి చుట్టూ అడుగున్నర ఖాళీ వదిలి ఎత్తి కట్టించాం, కాస్త నయం.

పటమట ఇంజినీరు:
రాత్రి సంగతి ఒప్పుకుంటాను. కానీ తలుపులు తెరవాల్సింది సరిగ్గా దోమలు లేచే వేళకే. మెష్ వేస్తే గాలి తగ్గుతుంది. ఏసీ గది తలుపు మండువాలోకి పెడితే కరెంటు బిల్లు పెరుగుతుంది కూడా.

గోరంట్ల వాసి:
ఏసీ గది తలుపు హాల్లోకి మారుస్తాను. మండువా 8×12, మెష్ తలుపులు కాస్త వెడల్పుగా, వాననీళ్ల తూము ఇంకుడు గుంటలోకి. ఒక్కటే అనుమానం: మేమిద్దరం ఎనిమిదిన్నరకి ఉద్యోగాలకి వెళ్లి ఆరుకి వస్తాం. మూసి వెళ్లి, రాగానే తెరిస్తే చాలా?

తెనాలి పక్క పల్లె, ఇప్పుడు బెజవాడ:
మూసి వెళ్లడం మంచిదే. తెరవడానికి తొందరపడకండి. ముందు బండలు తడపండి, బయటి గాలి ముఖానికి వేడిగా తగలడం మానాక తెరవండి. మేలో ఒక్కోరోజు ఎనిమిదవుతుంది.