వర్చువల్ మెషీన్ డిస్కును ముక్కలు చేయాలా, ఒకే పార్టిషన్ చాలా?

కొత్త అడ్మిన్: ఒక్కోదానికి 40 జీబీ డిస్కుతో ఆరు లినక్స్ వర్చువల్ మెషీన్లు (ఒకే అసలు కంప్యూటర్ లోపల సాఫ్ట్‌వేర్‌తో నడిచే కంప్యూటర్లు) పెట్టబోతున్నాను. రూట్ (సిస్టం ఫైళ్లు), వార్ (లాగ్‌లు, అంటే మెషీన్ రాసుకునే రికార్డులు, ఉండే చోటు), హోమ్ (యూజర్ల ఫైళ్లు) వేరువేరు పార్టిషన్లుగా, అంటే డిస్కులో విడివిడి భాగాలుగా, ఉండాలని మా సీనియర్ పట్టుబడుతున్నారు. అన్నీ ఒకేచోట ఉంటే నష్టమేమిటి?

ఒక్కటే చాలు: ఏమీ లేదండి. హోమ్‌కు 15 జీబీ ఇస్తారు, అందులో ఒక జీబీ కూడా నిండదు. పక్కనే 8 జీబీ వార్‌కు ఊపిరాడదు. ఒకే పార్టిషన్ ఉంటే హోస్ట్‌లో (ఈ మెషీన్లను నడిపే అసలు కంప్యూటర్‌లో) డిస్కు సైజు పెంచి, లోపల గ్రోపార్ట్ (పార్టిషన్‌ను పెంచే కమాండ్), రీసైజ్2ఎఫ్ఎస్ (అందులో ఫైళ్లను అమర్చే ఫైల్‌సిస్టంను పెంచే కమాండ్) నడిపితే చాలు. మెషీన్ ఆపక్కరలేదు.

రాత్రి డ్యూటీ: రూట్ చివరి పార్టిషన్ అయితేనే ఆ మాట చెల్లుతుంది. నాకు అప్పగించిన ఒక మెషీన్‌లో రూట్ తరువాత 2 జీబీ స్వాప్ (మెమరీ చాలనప్పుడు వాడే చోటు) ఉంది. డిస్కుకు 20 జీబీ కలిపితే ఆ ఖాళీ అంతా స్వాప్‌కు అవతల పడింది. స్వాప్ ఆపి, ఆ పార్టిషన్ చెరిపి, రూట్‌ను పెంచి, స్వాప్‌ను ఫైలుగా మార్చి, ఎఫ్‌స్టాబ్‌లో (మెషీన్ మొదలయ్యేటప్పుడు ఏ పార్టిషన్లు వాడాలో చెప్పే ఫైలులో) పాత వరుస తీసేయాల్సి వచ్చింది. ఇక లాగ్‌లు అదుపు తప్పితే మీ ఒక్క పార్టిషనూ నిండి మెషీన్ మొత్తం మూలపడుతుంది.

ఒక్కటే చాలు: ఈఎక్స్‌టీ4 ఫైల్‌సిస్టం మామూలుగా 5 శాతం చోటును రూట్ యూజర్‌కు (అన్ని అధికారాలున్న అడ్మిన్ ఖాతాకు) అట్టిపెడుతుంది కదా?

రాత్రి డ్యూటీ: ఆ లాగ్ రాసేది రూట్ యూజరే అయితే? ఆ 5 శాతాన్నీ అదే మింగుతుంది.

డేటాబేస్ మనిషి: ఇద్దరూ ఒకే డిస్కు పట్టుకుని పోట్లాడుతున్నారు. వర్చువల్ మెషీన్‌కు ఇంకో డిస్కు తగిలించడానికి స్క్రూడ్రైవర్ అక్కరలేదు కదా! సిస్టంకు ఒకటి, డేటాకు ఒకటి. డేటా డిస్కు మీద నేను పార్టిషన్ టేబుల్ (ముక్కల పట్టిక) కూడా వేయను, నేరుగా ఫైల్‌సిస్టమే. మెషీన్ చెడిపోతే ఆ డిస్కును తీసి మరోదానికి తగిలిస్తాను. కాకపోతే ఎక్స్ఎఫ్ఎస్ అనే ఫైల్‌సిస్టం వాడితే చిన్నగా మొదలుపెట్టండి. పెంచడం తేలిక, తగ్గించడం దాదాపు కుదరని పని.

రాత్రి డ్యూటీ: ఇది ఒప్పుకుంటాను, లాగ్‌లకు మూడో డిస్కు ఇస్తే. కొత్త అడ్మిన్ గారూ, హోస్ట్‌లో ఖాళీ ఎంత ఉంది?

కొత్త అడ్మిన్: 200 జీబీ. వాడినకొద్దీ పెరిగే క్యూకౌ2 డిస్కులే కదా, సరిపోతుందనుకున్నాను.

రాత్రి డ్యూటీ: ఆరు నలభైలు 240. లోపల ఫైళ్లు చెరిపినా, ట్రిమ్ (ఆ చోటు ఖాళీ అయిందన్న సమాచారం) హోస్ట్ దాకా చేరకపోతే ఆ చోటు తిరిగి రాదు. హోస్ట్ నిండిన రోజున, లోపల ఎన్ని ముక్కలు చేసినా, కొత్త చోటు అడిగిన ప్రతి మెషీనూ ఆగిపోతుంది.

కొత్త అడ్మిన్: అయితే ముందు ఒక్కోదాన్ని 25 జీబీకి కుదిస్తాను. సీనియర్‌తో వాదన ఆ తరువాత.